డెలావేర్‌లో కంపెనీ పెడితే టాక్స్ ఉండదా? కొన్ని అపోహలు, వాస్తవాలు

మార్చి ఒకటో తారీఖు దగ్గర పడుతోందంటే నా ఫోన్ ఆగదు. అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో కార్పొరేషన్ పెట్టినవాళ్లు యాన్యువల్ రిపోర్టు ఇచ్చి ఫ్రాంచైజ్ టాక్స్ (కంపెనీ అక్కడ రిజిస్టరై ఉన్నందుకు ఏటా రాష్ట్రానికి ఇచ్చేది) కట్టడానికి అదే గడువు. నేనుండేది న్యూజెర్సీలో, చేసేది అకౌంటింగ్. ఓసారి హైదరాబాద్ నుంచి ఒక కుర్రాడు చేశాడు. "అన్నా, 85,165 డాలర్లు కట్టమని నోటీసొచ్చింది. మా అకౌంట్‌లో ఉన్నదే 20,000." గొంతు వణికిపోతోంది.

ముందు మంచినీళ్లు తాగమన్నాను. అందరిలాగే వాళ్లూ కోటి ఆథరైజ్డ్ షేర్లతో (అంటే గరిష్ఠంగా జారీ చేయగల షేర్లు) కంపెనీ పెట్టారు. నోటీసులో షేర్ల సంఖ్యను బట్టి లెక్క కడతారు, అందుకే అంత పెద్ద అంకె. అస్యూమ్డ్ పార్ వాల్యూ అని రెండో పద్ధతి ఉంది. అందులో ఇష్యూ చేసిన షేర్లు, కంపెనీ మొత్తం ఆస్తులు చూస్తారు. వాళ్లు ఇష్యూ చేసింది 80 లక్షలు. ఆ లెక్కన టాక్స్ 400 డాలర్లు, రిపోర్టు ఫీజు 50. "నిజమేనా అన్నా?" అని మూడుసార్లు అడిగాడు పాపం. ఇలాంటి నోటీసొస్తే టెన్షన్ పడకండి, రెండో పద్ధతిలో లెక్క వేయించండి. గడువు మాత్రం దాటనివ్వకండి. దాటితే 200 డాలర్ల పెనాల్టీ, ఆపైన నెలకు ఒకటిన్నర శాతం వడ్డీ.

ఇలా భయపడి ఫోన్ చేసేవాళ్లతో నాకు బాధ లేదు. "డెలావేర్‌లో టాక్సే లేదు కదండీ" అని నిశ్చింతగా కూర్చునేవాళ్లే మునుగుతారు. ఈ మాట ఏ వాట్సాప్ గ్రూపులో పుట్టిందో గానీ, దాన్ని కాదని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుడుతోంది. అక్కడ లేనిది సేల్స్ టాక్స్. అదీ కొనేవాడికి. అమ్మే దుకాణదారు తన అమ్మకాల రాబడి మీద గ్రాస్ రిసీట్స్ టాక్స్ కడతాడు. రాష్ట్రంలో వ్యాపారం చేసే కార్పొరేషన్ లాభం మీద 8.7 శాతం కార్పొరేట్ టాక్స్ ఉంది. అక్కడ ఏ వ్యాపారమూ లేకపోతే ఆ 8.7 పడదు, నిజమే. కానీ మీ ఆఫీసు టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటే అక్కడ విడిగా రిజిస్టర్ చేసుకోవాలి, అక్కడి పన్నులు అక్కడ కట్టాలి. ఫెడరల్ టాక్స్ ఎలాగూ ఉంది. కార్పొరేషన్ కాకుండా ఎల్ఎల్‌సీ (లిమిటెడ్ లయబిలిటీ కంపెనీ) అయితే రూపాయి ఆదాయం లేకున్నా జూన్ ఒకటికల్లా డెలావేర్‌కి 300 డాలర్లు కట్టాల్సిందే.

అసలు దెబ్బ ఇండియాలో ఉండి ఒక్కరే ఎల్ఎల్‌సీ పెట్టుకున్నవాళ్లకి. విజయవాడ నుంచి ఒకావిడ డిజైన్ పనుల కోసం పెట్టుకున్నారు. బ్యాంక్ అకౌంట్ తెరవడానికి సొంత డబ్బు 1,000 డాలర్లు వేశారు. పనులు రాలేదు. కంపెనీ పెట్టిపెట్టే ప్యాకేజీ అమ్మినవాళ్లు "ఆదాయం లేదు కాబట్టి ఫైలింగూ లేదు" అన్నారట. ఓనరు తన కంపెనీలో డబ్బు వేయడం కూడా ఐఆర్ఎస్ (అమెరికా ఫెడరల్ పన్నుల శాఖ) లెక్కలో చూపించాల్సిన లావాదేవీయే. దానికి ఫారం 5472 ఉంది, ప్రో ఫార్మా 1120కి (పేరు, అడ్రసు లాంటి వివరాలే నింపే కార్పొరేట్ రిటర్ను) జతచేసి పంపాలి. పంపకపోతే పెనాల్టీ 25,000 డాలర్లు. ఆవిడ నా దగ్గరికొచ్చేసరికి మూడేళ్లయింది. కారణాలు వివరిస్తూ ఉత్తరం పెట్టి, ఆలస్యంగానే పంపించాం. జవాబు ఇంకా రాలేదు. ఆవిడ వారానికోసారి ఫోన్ చేస్తారు, ఎత్తాలంటే నాకే బెరుగ్గా ఉంటుంది.

"మరి పెద్ద కంపెనీలన్నీ అక్కడికే ఎందుకెళ్తాయి?" ఎక్కువగా కోర్టు కోసం. 1792 నుంచి ఉన్న చాన్సరీ కోర్టులో జ్యూరీ ఉండదు, కంపెనీల తగాదాల్లో ఆరితేరిన జడ్జిలే తీర్పు చెబుతారు. అమెరికాలో అతిపెద్ద కంపెనీల జాబితా ఫార్చ్యూన్ 500లో మూడింట రెండొంతుల కంపెనీలు డెలావేర్‌వే. విల్మింగ్టన్‌లో 1209 నార్త్ ఆరెంజ్ స్ట్రీట్ అనే మామూలు భవనం లక్షల కంపెనీలకు అడ్రసు. చూడాలని ఒకసారి పనిగట్టుకుని వెళ్లాను, చూడ్డానికేమీ లేదు.

అంతమాత్రాన అది ఉత్త అడ్రసు రాష్ట్రమేం కాదు. మూడే కౌంటీలు, దాదాపు పది లక్షల జనం, దక్షిణాన ససెక్స్ కౌంటీ నిండా కోళ్ల ఫారాలు. 1787 డిసెంబర్ 7న రాజ్యాంగాన్ని అందరికంటే ముందు ఆమోదించింది ఈ రాష్ట్రమే. పెన్సిల్వేనియాలో భాగమేమో అనుకునేవాళ్లకి సమాధానం చెప్పే ఓపిక నాకు లేదు.

న్యూఆర్క్ సంగతి మాత్రం చెప్పాలి. యూనివర్సిటీ ఆఫ్ డెలావేర్ ఉన్న ఊరు అది. స్పెల్లింగ్ న్యూజెర్సీ నెవార్క్‌దే, పలకడం వేరు. మా బంధువొకాయన కొడుకుని చూడ్డానికొస్తూ, విమానం దిగగానే నడిచి హాస్టల్‌కి పోవచ్చనుకుని నెవార్క్‌కి టికెట్ తీసుకున్నారు. అక్కడి నుంచి న్యూఆర్క్‌కి కారులో రెండు గంటలు. నేనే వెళ్లి ఎక్కించుకున్నాను. డెలావేర్ మెమోరియల్ బ్రిడ్జి మీద టోల్ కడుతుంటే, "టాక్స్ లేని రాష్ట్రమన్నావు, గేట్లోనే వసూలు చేస్తున్నారేంట్రా?" అన్నారు. క్రిస్టియానా మాల్‌లో కొడుక్కి ఐఫోన్ కొన్నారు, టాక్స్ లేకుండానే. నువ్వూ ఒకటి తీసుకో అన్నారు. నేను కొని ఇంటికి తెచ్చుకుంటే న్యూజెర్సీ రిటర్నులో యూజ్ టాక్స్ (బయట సేల్స్ టాక్స్ లేకుండా కొన్నదానికి సొంత రాష్ట్రానికి కట్టేది) చూపించాలి. కాఫీ తాగి వచ్చేశాను.