పాలు పిండని గొర్రెకూ పొదుగువాపు: అపోహలు - వాస్తవాలు

మా వరంగల్ దిక్కు గొర్లను సాకేది మాంసానికే. బర్రె పొదుగు రెండు పూటలా చేతిలో ఉంటుంది కనుక చిన్న గడ్డ కట్టినా తెలిసిపోతుంది. గొర్రె పొదుగును తడిమేవాళ్లే లేరు. మందల దగ్గర నేను వినే మాటల్లో సగం అందుకే పుడతాయి.

అపోహ: "మేం పాలు పిండం గద సారూ, పొదుగువాపు ఎట్లొస్తది?"

వాస్తవం: మీరు పిండకపోయినా పిల్ల తాగుతుంది కదా. తల్లికి మేత చాలక పాలు తగ్గితే, అందులోనూ కవలలు పుడితే, పిల్లలు పొదుగును కుమ్మి కుమ్మి చన్ను కొరుకుతాయి. ఆ గాయంలోంచి స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే సూక్ష్మజీవి లోపలికి పోతుంది. మాన్‌హీమియా హీమోలిటికా అనే ఇంకో సూక్ష్మజీవి అయితే పిల్ల నోట్లో, గొంతులోనే ఉండి తాగేటప్పుడు చన్నుకు అంటుతుంది. మూతి పుండ్లున్న పిల్ల తాగితే చన్నుకూ పుండ్లు లేస్తాయి, ఆపైన పొదుగువాపు.

అపోహ: పొదుగు నల్లబడిందంటే పాము కరిచినట్టే.

వాస్తవం: పరకాల నుంచి జనగామ దాకా ఈ మాట వినని మంద లేదు. రాత్రి బాగానే ఉన్న గొర్రె తెల్లారేసరికి వెనక కాలు ఈడుస్తూ మేత ముట్టదు. పొదుగు ఒక పక్క నీలంగా మారి, నల్లబడి, ముట్టుకుంటే చల్లగా తగులుతుంది. చదువుకోకపోతే నేనూ పామే అందును. నిజానికి ఇది కుళ్లు పొదుగువాపు. ఎక్కువగా ఆ స్టెఫైలోకాకస్ పనే. అది వదిలే ఆల్ఫా టాక్సిన్ అనే విషం రక్తనాళాలను దెబ్బతీస్తే, రక్తం అందని కండ చచ్చిపోతుంది. ఫ్రాన్స్‌లో పాల గొర్రెలకొచ్చే ఈ జబ్బు గురించి అక్కడి పశువైద్యుడు ఎడ్మండ్ నోకార్ 1887లోనే రాశాడు. రోక్‌ఫోర్ జున్ను గొర్రె పాలతోనే చేసే దేశం మరి, పొదుగు చూడక తప్పదు! మన దగ్గర కాలు ఈడిస్తే డెక్క చూసి వదిలేస్తారు, రెండు కాళ్ల నడుమ చూడరు. ఆ పూటే మందు పడితే గొర్రె దక్కవచ్చు. నల్లబడిన సగం మాత్రం మళ్లీ పాలివ్వదు.

అపోహ: సుర్క (కాల్చిన ఇనుముతో వాత) పెడితే వాపు దిగుతుంది.

వాస్తవం: దిగదు. ఇంకో పుండు పడుతుంది.

అపోహ: వాపు, జ్వరం లేకపోతే పొదుగు బాగున్నట్టే.

వాస్తవం: పాలు తెల్లగానే ఉంటాయి, పిల్ల మాత్రం ఎదగదు. దీని వెనక ఎక్కువగా స్టెఫైలోకాకస్‌లలోనే నెమ్మదైన రకాలుంటాయి. గొర్రెకు చన్నులు రెండే, దేని గది దానిదే. రెండింటి పాలూ వేర్వేరుగా తీసి బట్టల పొడి కలిపిన నీళ్లు పోసి తిప్పండి. ఒకటి జిగురుగా సాగితే అందులో తెల్ల రక్తకణాలు పెరిగినట్టు, అంటే ఆ పక్క లోపల వాపున్నట్టే. సబ్బుకు అవి పగిలి, లోపలి డీఎన్ఏ బయటికొచ్చి చిక్కబడుతుంది.

అపోహ: పెన్సిలిన్ సూది ఒక్కటి చాలు.

వాస్తవం: పాలు ఎండి, కీళ్లు వాచి, కండ్లు తెల్లబడుతుంటే మైకోప్లాస్మా అగలాక్టియే అనే సూక్ష్మజీవిని అనుమానించాలి. పెన్సిలిన్ దెబ్బకొట్టేది సూక్ష్మజీవి కణగోడను. మైకోప్లాస్మాకు ఆ గోడే లేదు. మందు దుకాణంలో అడిగి తెచ్చిన సూది ఇక్కడ దండగ. పాల నమూనా పరీక్షకు పంపాలి, అలాంటి గొర్రెను మందలోంచి వేరే కట్టాలి.

అపోహ: చెడ్డ పాలైనా కాచి తాగొచ్చు.

వాస్తవం: కాచితే స్టెఫైలోకాకస్ చస్తుంది. అది ముందే పాలలో వదిలిన విషం మాత్రం ఆ వేడికి పోదు, వాంతులు పట్టుకుంటాయి. పారబోయండి, దొడ్డికి దూరంగా.

పిల్లలు అమ్ముడుపోయాక, ఏ గొర్రెను ఉంచాలో ఏది అమ్మాలో తేల్చుకునే ముందు ఒకసారి పొదుగు తడమండి. గడ్డకట్టిన పొదుగున్న గొర్రెను ఉంచుకుంటే వచ్చే ఈతలో ఆ పిల్లకు సీసా పట్టేది మీరే.