లైబ్రరీ అంటే బెరుకు: అపోహలు, వాస్తవాలు

అపోహ: లైబ్రరీకి రాని విద్యార్థికి చదువు మీద శ్రద్ధ లేదు.

వాస్తవం: కాలేజీ లైబ్రేరియన్‌గా నేను తరచూ వినే ఫిర్యాదు ఇదే. గుమ్మం దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి వెనుదిరిగే పిల్లల్ని చూశాక ఆ మాట అనబుద్ధి కాదు. ఈ బెరుకుకు లైబ్రరీ యాంగ్జైటీ అని పేరుంది. కాన్‌స్టన్స్ మెలన్ అనే పరిశోధకురాలు అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయంలో రెండేళ్లపాటు 6,000 మంది విద్యార్థుల రాతలు పరిశీలించి, 1986లో ఫలితాలు ప్రచురించారు. లైబ్రరీలో తొలి అనుభవం గురించి 75 నుంచి 85 శాతం మంది భయమనే రాశారు. నన్ను కదిలించింది ఇంకో సంగతి. మిగతా అందరికీ లైబ్రరీ వాడటం వచ్చు, నాకొక్కడికే రాదు అనుకున్నారట. రాకపోవడం సిగ్గుచేటనీ, అడిగితే అది బయటపడుతుందనీ నోరు మెదపలేదు.

అపోహ: నంబరు చూసి పుస్తకం వెతుక్కోవడం ఎవరికైనా వచ్చేస్తుంది.

వాస్తవం: ఎవరో ఒకరు చెప్పాలి. పుస్తకాలకు విషయాన్ని బట్టి నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిలో జూడో, కరాటే లాంటివి 796.815లో ఉంటాయి, బాక్సింగ్ 796.83లో. ఒకబ్బాయి 796.83 అని రాసుకున్న చీటీ పట్టుకుని ర్యాకు ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు. 815 కన్నా 83 చిన్నది కదా, ముందే ఉండాలని వాడి లెక్క. చుక్క తర్వాత ఒక్కో అంకెనే పోల్చుకుంటూ పోవాలి. రెండింటిలోనూ ముందు 8 ఉంది. ఆ తర్వాత 815లో 1, 83లో 3. అందుకే 815 ముందొస్తుంది. చీటీ మీద అంకెల కింద వేలు పెట్టి చూపించాను. "ఇంతేనా సార్! పుస్తకం లేదనుకుని వెళ్లిపోబోయాను" అన్నాడు.

అపోహ: మొదటి వారంలో లైబ్రరీ అంతా తిప్పి చూపిస్తే భయం పోతుంది.

వాస్తవం: కొంత పోతుంది. కానీ అవసరం లేనప్పుడు చూపించింది అవసరమొచ్చేసరికి గుర్తుండదు. అసైన్‌మెంట్ ఇచ్చిన వారంలో, ఆ అంశం మీదే రెండు పుస్తకాలు వాళ్ల చేత వెతికించాలి. అంతకంటే ముందు, ఈ భయం చాలామందికి ఉంటుందని పైకి చెప్పాలి. ఆ ఒక్క మాటకే కొందరి భుజాలు తేలికపడటం కళ్లారా చూశాను.

అపోహ: ఇప్పుడన్నీ కంప్యూటర్‌లోనే కాబట్టి ఈ బెరుకు లేదు.

వాస్తవం: డేటాబేస్‌లో వందల ఫలితాలు వచ్చిపడితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక అలాగే బిక్కచచ్చిపోతారు.

అపోహ: సాయం కావాలంటే వాళ్లే అడుగుతారు.

వాస్తవం: అడగరు. ఈ బెరుకును కొలవడానికి షారన్ బోస్టిక్ అనే పరిశోధకురాలు 1992లో 43 వాక్యాల ప్రశ్నావళి తయారుచేశారు. అందులో ఒక భాగం పూర్తిగా సిబ్బంది వల్ల కలిగే జంకు గురించే. తల వంచుకుని పనిలో మునిగిన మనిషిని కదిలించాలంటే కొత్త పిల్లలకు గొంతు పెగలదు. కౌంటర్ వెనక నుంచి "ఏం కావాలి?" అంటే "ఏం లేదు సార్" అనే జవాబొస్తుంది. లేచి వెళ్లి, పక్కన నిలబడి, "ఏ సబ్జెక్టమ్మా?" అంటే జేబులోంచి చీటీ బయటికొస్తుంది.