నడిచిన నేలల గురించి మనవలకు ఒక ఉత్తరం

చిరంజీవులైన నా మనవడికి, మనవరాలికి అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోనులో మీరిద్దరూ ఒకే ప్రశ్న అడిగారు. ఇన్నేళ్ళలో నేను ఆడిన గోల్ఫ్ కోర్సుల్లో నాకు బాగా నచ్చింది ఏదని, ఎందుకు నచ్చిందని. ఒక పేరు చెప్పి ఊరుకోవడానికి నాకు మనసొప్పలేదు. ఆట నేర్చుకోవడం మొదలుపెట్టిన మీకు ఆ "ఎందుకు" అన్నది పేరు కంటే ఎక్కువ ఉపయోగపడుతుందని తోచి, తీరిక చేసుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి గమనించండి. క్రికెట్ పిచ్ ప్రపంచంలో ఎక్కడైనా 22 గజాలే. టెన్నిస్ కోర్టు పొడవు ఎక్కడైనా 78 అడుగులే. గోల్ఫ్‌లో మాత్రం బంతి పడవలసిన గుంత వెడల్పు, అంటే 4.25 అంగుళాలు, ఒక్కటే అన్ని చోట్లా మారని కొలత. మిగిలినదంతా నేలను బట్టి ఉంటుంది. గుట్ట ఎక్కడుంటే అక్కడ గుట్ట, వాగు ఎక్కడుంటే అక్కడ వాగు. అందువల్ల ఈ ఆటలో మైదానం కూడా మనతో ఆడే మనిషి లాంటిదే. నాకు నచ్చిన కోర్సులన్నీ, మనుషులు పెద్దగా మార్చకుండా ఉన్న నేలను ఉన్నట్టే వాడుకున్న కోర్సులు.

అలాంటి వాటిలో మొదటిది స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్. అక్కడి నేలను లింక్స్ అంటారు. సముద్రానికీ సాగుభూమికీ నడుమ మిగిలిపోయిన ఇసుక నేల అది. నాగలికి పనికిరాదు, గొర్రెలు మేయడానికి పనికివస్తుంది. కురిసిన వాన కురిసినట్టే ఇంకిపోతుంది, కాబట్టి గడ్డి పొట్టిగా, నేల గట్టిగా ఉంటుంది. చలిగాలికి గొర్రెలు ఒదిగి పడుకున్న చోట్ల గడ్డి అరిగి, ఇసుక బయటపడి, అవే తర్వాత బంకర్లయ్యాయని చెబుతారు. ఆ ఇసుక గుంతల అంచుల్ని దగ్గరగా చూసినవారికి ఆ మాట నమ్మబుద్ధి వేస్తుంది.

గోల్ఫ్ వల్ల జనం విలువిద్య సాధన మానేస్తున్నారని స్కాట్లాండ్ రాజు రెండవ జేమ్స్ 1457లో ఈ ఆటను నిషేధించాడు. అయినా ఆట ఆగలేదు. 1552లో అక్కడి ఆర్చిబిషప్ ఇచ్చిన పత్రం ఆ నేల మీద ఆడుకునే హక్కు ఊరి ప్రజలదని గుర్తించింది. ఈనాటికీ అది ప్రజల భూమే. ఆదివారం నాడు మామూలుగా అక్కడ ఆట ఉండదు, ఊరివారు పిల్లలతో, కుక్కలతో షికారు వస్తారు. ఈ సంగతి తెలియక నేనూ మీ తాతయ్యా మొదటిసారి సరిగ్గా ఆదివారం నాడే సంచులు మోసుకుని చేరాము. ఆడటం కుదరదు కనుక నడుద్దామన్నారు మీ తాతయ్య.

ఆ నడకే నాకు ఆ కోర్సును నేర్పింది. మేము పద్దెనిమిదో గ్రీన్ దగ్గర, అంటే చివరి గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక దగ్గర మొదలుపెట్టి, ఆడే దిశకు ఎదురుగా నడిచాము. ఎదురుగా నడుస్తుంటే బంకర్లన్నీ నోరు తెరుచుకుని కనిపిస్తున్నాయి. మర్నాడు అవే బంకర్లను ఆడే వైపు నుంచి చూస్తే ఒక్కటీ కనపడలేదు. ఒకప్పుడు ఆ కోర్సును రెండు దిశల్లోనూ ఆడేవారని తర్వాత తెలిసింది. ఒక దిశలో ఆడేవారిని అడ్డగించే బంకర్ రెండో దిశలో ఆడేవారికి గుట్ట చాటున ఉండిపోతుంది. మీరు ఎప్పుడైనా కొత్త కోర్సుకు వెళితే, గ్రీన్ మీద నిలబడి ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. బంతి ఎక్కడ పడితే మంచిదో, మొదటి దెబ్బ కొట్టే చోటైన టీ దగ్గరి కంటే అక్కడి నుంచి స్పష్టంగా తెలుస్తుంది.

ఒక రౌండుకు 18 హోల్స్, అంటే టీ నుంచి గుంత దాకా ఆడే 18 భాగాలు, అన్న లెక్క కూడా ఆ ఊరి నుంచే వచ్చింది. పూర్వం అక్కడ సముద్రం వైపు పదకొండు హోల్స్ ఆడుకుంటూ వెళ్ళి, వాటినే వెనక్కి ఆడుకుంటూ వచ్చేవారు. అలా మొత్తం 22 అయ్యేవి. 1764లో మొదటి నాలుగు పొట్టి హోల్స్‌ను కలిపి రెండుగా చేశారు. అప్పుడు వెళ్ళేటప్పుడు తొమ్మిది, వచ్చేటప్పుడు తొమ్మిది అయ్యాయి. ఆ పాత పద్ధతి గుర్తుగా ఇప్పటికీ అక్కడ ఏడు గ్రీన్లు జంట గ్రీన్లు. ఒకే పచ్చిక మీద రెండు జెండాలు ఉంటాయి. రెండో హోల్‌తో పదహారోది, మూడో దానితో పదిహేనోది, నాలుగో దానితో పద్నాలుగోది. మిగిలిన జంటలు మీరే లెక్క కట్టి చూడండి, ఏ జంటను కూడినా పద్దెనిమిదే వస్తుంది.

సోమవారం నాడు ఆడాము. పదిహేడో హోల్‌ను రోడ్ హోల్ అంటారు, గ్రీన్ వెనుకే రోడ్డు, దాని పక్కనే రాతి గోడ ఉంటాయి. ముందు ఎడమ పక్కన ఒక లోతైన బంకర్ ఉంది. నా బంతి నెమ్మదిగా దొర్లుతూ, చివరికి నీళ్ళు వాలుకు పోయినట్టు ఆ గుంతలోకి దిగిపోయింది. చుట్టుపక్కల నేలంతా దాని వైపే వాలి ఉంటుంది. గుంతలో నిలబడితే నా కళ్ళ ఎదుట పచ్చిక పెళ్ళలను ఇటుకల్లా పేర్చిన గోడ తప్ప మరేమీ కనపడలేదు. రెండుసార్లు కొట్టాను, రెండుసార్లూ బంతి గోడకు తగిలి నా కాళ్ళ దగ్గరికే వచ్చింది. నాతో ఉన్న క్యాడీ, అంటే సంచి మోసే మనిషి, వయసులో పెద్దాయన, మెల్లగా "వెనక్కి కొట్టండమ్మా" అన్నట్టుగా చేత్తో చూపించాడు. జెండాకు వీపు చేసి, వచ్చిన దారి వైపు కొట్టి బయటపడ్డాను. ఆ హోల్‌కు ఎనిమిది స్ట్రోకులు పట్టాయి. అంతవరకూ నా ఆటలో బంతిని వెనక్కి కొట్టవచ్చన్న ఆలోచనే లేదు.

అదే కోర్సులో 1921లో బాబీ జోన్స్ అనే పంతొమ్మిదేళ్ళ అమెరికన్ కుర్రవాడు పదకొండో హోల్ బంకర్లో చిక్కుకుని, విసుగెత్తి బ్రిటిష్ ఓపెన్ పోటీనే మధ్యలో వదిలేశాడు. అతడే 1927లో అక్కడే ఓపెన్ గెలిచాడు, 1930లో అక్కడే బ్రిటిష్ అమెచ్యూర్ గెలిచాడు. 1958లో ఆ ఊరు అతడికి గౌరవ పౌరసత్వం ఇచ్చింది. పద్దెనిమిదో హోల్‌లో వాగు మీద ఉన్న చిన్న రాతి వంతెన దాటుతున్నప్పుడు నేను అతడినే తలచుకున్నాను.

మనవరాలికి ప్రత్యేకంగా ఒక మాట. ఆ కోర్సు పక్కనే ఎత్తుపల్లాలతో నిండిన ఒక పెద్ద పట్టింగ్ గ్రీన్, అంటే బంతిని నేల మీద దొర్లించి గుంతలో వేసే పచ్చిక ఉంది, దాని పేరు హిమాలయాస్. ఆడవాళ్ళు భుజం పైకి చేతులెత్తి క్లబ్ తిప్పడం మర్యాద కాదని అనుకున్న కాలంలో, 1867లో, అక్కడి స్త్రీలు పట్టింగ్ కోసం తమ సొంత క్లబ్ పెట్టుకున్నారు. అది ఇప్పటికీ నడుస్తోంది. ఆ మడతల మీద బంతి ఎంత వంపు తిరుగుతుందంటే, నేను ఒకసారి గుంతకు ఆరడుగులు పక్కగా గురిపెట్టి లోపల వేయగలిగాను. పెద్ద కోర్సులో కొట్టిన ఏ మంచి దెబ్బా నాకు అంత సంతోషం ఇవ్వలేదు.

ఇక డోర్నాక్. స్కాట్లాండ్‌లో ఇంకా ఉత్తరాన, ఊరు చిన్నది, చేరడం కష్టం, కానీ నా మనసు ఎక్కువగా తిరిగే చోటు అదే. 1616 నాటికే అక్కడ గోల్ఫ్ ఆడినట్టు రాతలో ఉంది. వసంతకాలం చివర గార్స్ అనే ముళ్ళపొద గుట్ట పొడవునా పసుపుపచ్చగా పూస్తుంది. ఒక పక్క ఆ పసుపు, మరో పక్క సముద్రం. గ్రీన్లు మాత్రం బోర్లించిన పళ్ళాల్లాగా ఉంటాయి. రెండో హోల్ పార్ త్రీ, అంటే టీ నుంచి ఒకే దెబ్బలో గ్రీన్ చేరవలసినది. నా బంతి గ్రీన్ అంచున పడి, ఆగినట్టే ఆగి, పక్క వాలు మీదుగా కిందికి దొర్లింది. కింది నుంచి వెడ్జ్‌తో, అంటే బంతిని ఎత్తుగా లేపే కర్రతో పైకి లేపితే అవతలి పక్కకు దిగింది. అక్కడి నుంచి లేపితే మళ్ళీ ఇవతలికి వచ్చింది. మూడోసారి మీ తాతయ్య ఏమీ అనకుండా నా సంచిలోంచి పట్టర్, అంటే బంతిని దొర్లించే కర్ర తీసి ఇచ్చారు. బంతిని గాలిలోకి లేపకుండా నేల మీదుగా వాలు ఎక్కించాను. అది ఎక్కి, జెండాకు నాలుగడుగుల దూరంలో నిలిచింది. ఆ రోజు మిగిలిన పదహారు హోల్స్‌లోనూ, గాలిలో కొట్టాలా నేల మీద కొట్టాలా అని ప్రతిసారీ నన్ను నేను అడిగి చూసుకున్నాను.

ఆ ఊళ్ళోనే పుట్టి, అక్కడే పచ్చిక సాకే పని చేసిన డోనాల్డ్ రాస్ అనే ఆయన 1899లో అమెరికా వెళ్ళాడు. నార్త్ కరోలినా రాష్ట్రంలోని పైన్‌హర్స్ట్ అనే చోట ఆయన రూపొందించిన నంబర్ టూ కోర్సు 1907లో పూర్తయింది. సముద్రం అక్కడికి చాలా దూరం, చుట్టూ పైన్ చెట్లు, అయినా కాలి కింద ఇసుకే. 1930ల నడుమ వరకు అక్కడి గ్రీన్లు కూడా ఇసుకవే. 1948లో చనిపోయేదాకా ఆ ఒక్క కోర్సును ఆయన దిద్దుతూనే ఉన్నాడు. దాదాపు 400 కోర్సులు వేసిన మనిషి ఒక్కదానికి అంతకాలం కట్టుబడి ఉండటం నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది. డోర్నాక్ వెళ్ళిన చాలా ఏళ్ళకు నేను పైన్‌హర్స్ట్‌లో ఆడాను. మొదటి గ్రీన్ పక్కన నా బంతి దొర్లి కిందికి దిగగానే, అడగకుండానే పట్టర్ కోసం చెయ్యి చాచాను. ఎన్నో వేల మైళ్ళ దూరంలో అదే వాలు, అదే ప్రశ్న. ఎవరి చేతిరాతో గుర్తుపట్టినట్టు ఆయన నేలను గుర్తుపట్టాను.

ఆస్ట్రేలియాలోని రాయల్ మెల్‌బోర్న్ గురించి కొంచెమే చెబుతాను, అక్కడ నేను ఒక్క రోజే ఆడాను. దాని వెస్ట్ కోర్సును అలిస్టర్ మెకంజీ అనే ఆయన 1926లో అక్కడికి వెళ్ళినప్పుడు రూపొందించగా, 1931లో ఆట మొదలైంది. ఆయన చదివింది వైద్యం. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో, శత్రువుకు కనపడకుండా కందకాలను నేలలో కలిపేసే నేర్పును ఆయన దగ్గరగా గమనించాడు. ఆ నేర్పే బంకర్లలోకి వచ్చింది. ఒక బంకర్ గ్రీన్‌ను ఆనుకునే ఉన్నట్టు కనపడితే, నేను దాన్ని దాటించడానికి సరిపడా కొట్టాను. తీరా వెళ్ళి చూస్తే బంకర్‌కూ గ్రీన్‌కూ మధ్య ఇరవై గజాల పచ్చిక ఉంది, నా బంతి ఆ పచ్చికలోనే పడి ఉంది. కంటికి కనపడిన దూరాన్ని నమ్మకుండా అడుగులతో కొలవడం నాకు అలవాటైంది అప్పటి నుంచే. బాబీ జోన్స్‌తో కలిసి అగస్టా నేషనల్‌ను రూపొందించినది కూడా ఈ మెకంజీయే. టీవీలో చూసి మీరు అడిగే కోర్సు అదే. మామూలుగా అక్కడ ఆడేది సభ్యులూ వారి అతిథులూ మాత్రమే. నేను అడుగుపెట్టని నేల గురించి ఇంతకంటే రాయను.

చివరిది కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్. 1919లో తెరిచారు. జాక్ నెవిల్, డగ్లస్ గ్రాంట్ అనే ఇద్దరు వేశారు. వీలైనన్ని హోల్స్ సముద్రాన్ని ఆనుకుని ఉండేలా దారిని ఎనిమిది అంకెలా తిప్పారు. అందులో ఏడో హోల్ పొడవు వంద గజాల పైచిలుకు మాత్రమే. కొండ కొమ్ము మీది నుంచి కిందికి, సముద్రంలోకి చొచ్చుకుపోయిన చిన్న రాతి ముక్క మీద గ్రీన్. గాలి లేనినాడు పిల్లలు కూడా వెడ్జ్‌తో చేరుకోగలరు. మేము వెళ్ళిన రోజు అలలు రాళ్ళకు కొట్టుకుని లేచిన తుంపర టీ దాకా వచ్చి మొహాన పడుతోంది. జెండా కర్ర విల్లులా వంగింది. మీ తాతయ్య గుప్పెడు గడ్డి తుంచి గాలిలోకి వదిలితే అది ఆయన భుజం మీదుగా వెనక్కి పోయింది. ఆయన వెడ్జ్ సంచిలో పెట్టేసి, మామూలుగా నూట యాభై గజాలు కొట్టే ఐరన్ అనే కర్ర తీసి, సగం ఊపుతో, బంతిని మోకాలి ఎత్తున పోయేలా కొట్టారు. అది వాలు వెంట దిగి, గ్రీన్ ముందర ఒకసారి నేలను తాకి, దొర్లుకుంటూ వెళ్ళి జెండా పక్కన ఆగింది. ఆ ఒక్క పట్ కూడా వేసేశారు. డోర్నాక్‌లో ఆయన నా చేతికిచ్చిన పట్టర్ నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆయన ఏ నేల మీదైనా ముందు చూసేది జెండాను కాదు, గాలినీ వాలునీ.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు డోర్నాక్. అందంలో పెబుల్ బీచ్‌ను, చరిత్రలో సెయింట్ ఆండ్రూస్‌ను మించింది లేదు. కానీ నన్ను ఆలోచించేలా చేసినది డోర్నాక్‌లోని ఆ రెండో గ్రీన్.

ఈ ఉత్తరంతో పాటు నాలుగు కోర్సుల స్కోరు కార్డులు పంపుతున్నాను. పెన్సిల్ రాతలు చెరిగిపోకుండా జాగ్రత్తగా పట్టుకోండి. ఓల్డ్ కోర్స్ కార్డులో పదిహేడో గడిలో ఉన్న ఎనిమిది నాది. పెబుల్ బీచ్ కార్డు మడత దగ్గర కాస్త ఉబ్బి ఉంటుంది, ఆ రోజు తుంపరకు తడిసింది. అందులో ఏడో గడిలో సున్నా చుట్టిన రెండు అంకె మీ తాతయ్యది.

మీ
అమ్మమ్మ