మహిళల ఫిగర్ స్కేటింగ్: ఫేవరెట్ల అంచనాలు ఎక్కడ తప్పుతున్నాయి?

మహిళల ఫిగర్ స్కేటింగ్‌లో పెద్ద పోటీ దగ్గరపడితే స్వర్ణం ఎవరిదన్న లెక్కలు మొదలవుతాయి. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో ఆ లెక్క నిజమైంది. దక్షిణ కొరియా స్కేటర్ కిమ్ యునా అందరూ అనుకున్నట్టే గెలిచింది, అదీ 228.56 పాయింట్ల ప్రపంచ రికార్డుతో. మిగతా ఒలింపిక్స్‌లో అంత సాఫీగా జరిగింది తక్కువే. ఫేవరెట్ ఓడితే టెన్షన్‌కు లొంగిపోయిందని అనేస్తాం. టెన్షన్ ఉంటుంది, కాదనలేం. కానీ పాత ఫలితాలు తిరగేస్తే, మార్కులు వేసే పద్ధతి పాత్ర కూడా తక్కువేమీ కాదు.

2002 సాల్ట్ లేక్ సిటీ సంగతే చూడండి. అప్పటికి నాలుగుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన అమెరికా స్కేటర్ మిషెల్ క్వాన్ పోటీలోని రెండు భాగాల్లో మొదటిదైన షార్ట్ ప్రోగ్రామ్‌లో మొదటి స్థానం. రష్యా స్కేటర్ ఇరీనా స్లుత్స్కయా రెండు, పదహారేళ్ల సారా హ్యూస్ నాలుగు. అది జడ్జీలు అత్యధికంగా 6.0 మార్కులు వేసే కాలం. షార్ట్ ప్రోగ్రామ్ ర్యాంకులో సగాన్ని రెండో భాగమైన ఫ్రీ స్కేటింగ్ ర్యాంకుకు కలిపేవారు. ఎవరికి తక్కువ వస్తే వారే విజేత. ఫ్రీ స్కేటింగ్‌లో హ్యూస్ అద్భుతంగా ఆడి మొదటి స్థానం తెచ్చుకుంది. ఆమె మొత్తం 3.0. క్వాన్ పొరపాట్లు చేసింది, అయినా రెండో స్థానంలో నిలిస్తే 2.5తో స్వర్ణం ఆమెదే. చివరిగా దిగిన స్లుత్స్కయా ఆ రెండో స్థానం తీసుకుంది. క్వాన్ మొత్తం 3.5 అయింది. స్లుత్స్కయాకూ 3.0 వచ్చినా, సమానమైతే ఫ్రీ స్కేటింగ్‌లో ముందున్నవారికే స్వర్ణం కాబట్టి అది హ్యూస్‌కు దక్కింది. ఒకరి ప్రదర్శన మరో ఇద్దరి స్థానాలను తారుమారు చేసే ఇలాంటి పద్ధతిలో ముందుగా ఎవరు చెప్పగలరు?

అదే ఒలింపిక్స్‌లో జంటల పోటీలో జడ్జీల వివాదం రేగి, 6.0కు కాలం చెల్లింది. 2004 నుంచి ప్రతి జంప్‌కూ, ప్రతి స్పిన్‌కూ పాయింట్లు వచ్చాయి. దాంతో అంచనా తేలికవుతుందనుకున్నారు. కానీ లొసుగు కనిపెట్టినవారికే లాభం దక్కింది. ప్రోగ్రామ్ రెండో సగంలో చేసే జంప్‌కు పది శాతం అదనం ఉండేది. 2018 ప్యాంగ్‌చాంగ్‌లో పదిహేనేళ్ల అలీనా జగితోవా జంపులన్నీ రెండో సగానికే నెట్టింది. రెండుసార్లు ప్రపంచ చాంపియన్ యెవ్‌గేనియా మెద్వెదేవాకూ ఆమెకూ ఫ్రీ స్కేటింగ్‌లో సరిగ్గా 156.65 చొప్పునే వచ్చాయి. షార్ట్ ప్రోగ్రామ్‌లోని 1.31 తేడాతో జగితోవా గెలిచింది. ఆ ఏడాదే నిబంధన మార్చి, ఫ్రీ స్కేటింగ్‌లో చివరి మూడు జంపులకే అదనం ఉంచారు.

2022 బీజింగ్‌లో ఫేవరెట్ కమీలా వలియేవా వయసు కూడా పదిహేనే. డోపింగ్ పరీక్షలో ఆమె పట్టుబడిన సంగతి పోటీల మధ్యలో బయటపడింది. షార్ట్ ప్రోగ్రామ్‌లో ముందున్న ఆ పిల్ల ఫ్రీ స్కేటింగ్‌లో పదేపదే పడిపోయి నాలుగో స్థానానికి జారింది. ఆమె చుట్టూ ఉన్న పెద్దలు ఆమెను కాపాడలేకపోయారన్నది నా అభిప్రాయం. అదే పోటీలో ఐదు క్వాడ్ జంపులు (గాల్లో నాలుగు చుట్లు తిరిగేవి) చేసిన అలెగ్జాండ్రా త్రుసోవాకు రజతమే వచ్చింది. స్వర్ణం అన్నా షెర్బకోవాది. ఆ జూన్‌లోనే సీనియర్ పోటీల కనీస వయసును దశలవారీగా 17కు పెంచాలని నిర్ణయించారు.

ఆ తర్వాత ఫేవరెట్ల ముఖాలే మారిపోయాయి. క్వాడ్ గానీ, మూడున్నర చుట్ల ట్రిపుల్ యాక్సెల్ జంప్ గానీ లేని జపాన్ స్కేటర్ కవోరి సకమోతో వేగంతో, నిలకడతో 2022 నుంచి వరుసగా మూడు ప్రపంచ టైటిళ్లు గెలిచింది. 2025లో బోస్టన్‌లో ఆమెను ఓడించింది అలీసా లియు. పదహారేళ్లకే ఆట మానేసి, రెండేళ్ల తర్వాత తిరిగొచ్చిన అమ్మాయి.