కడుపుతో ఉన్నామెకు పరీక్ష చేశారు, మరి ఆయనకో?

గర్భిణి తొలి చెకప్‌కు రాగానే వేలి మొన నుంచి ఓ బొట్టు రక్తం తీసి హెచ్‌ఐవీ పరీక్ష కిట్ మీద వేస్తారు. పైన ద్రావణం చుక్కలు వేసి పదిహేను, ఇరవై నిమిషాలు ఆగుతారు. కంట్రోల్ గీత ఒక్కటే కనిపిస్తే నెగటివ్. ఆ గీత కూడా రాలేదంటే కిట్ పనిచేయలేదని అర్థం, మరో కిట్‌తో మళ్ళీ చేయాలి. కార్డు మీద ‘హెచ్‌ఐవీ నెగటివ్’ అని రాసేశాక ఇక ఆ ఊసెవరూ ఎత్తరు. కానుపుకు ఇంకా ఆరేడు నెలలుంటుంది, ఆ తర్వాత పాలిచ్చే కాలం ఉంటుంది. వైరస్ ఈ మధ్యలో కూడా సోకవచ్చు.

సోకవచ్చు అనడం కూడా తక్కువే. ఆఫ్రికా దేశాల్లో ఒకరికి హెచ్‌ఐవీ ఉండి మరొకరికి లేని 2,751 జంటల సమాచారంతో 2018లో ఒక అధ్యయనం వెలువడింది. గర్భం లేని రోజులతో పోలిస్తే 14వ వారం నుంచి కానుపు వరకు ఒక్కో కలయికలో స్త్రీకి సోకే ప్రమాదం దాదాపు మూడు రెట్లు, కానుపయ్యాక ఆరు నెలల వరకు దాదాపు నాలుగు రెట్లు ఉన్నట్టు తేలింది. కండోమ్ వాడకంలో, వయసులో, భాగస్వామి వైరల్ లోడ్‌లో (రక్తంలో ఉన్న వైరస్ మోతాదులో) ఉన్న తేడాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఇదే ఫలితం. హార్మోన్ల వల్ల యోని లోపలి పొరలో, అక్కడి రక్షణ కణాల్లో వచ్చే మార్పులు ఇందుకు కారణం కావచ్చని భావిస్తున్నారు. అయితే ఒంట్లో మార్పు తలుపు గడియను వదులు చేస్తుందంతే. వైరస్ ఆ తలుపు దాకా ఎలా వచ్చిందో తెలియాలంటే ఇంట్లో ఎవరి మాట చెల్లుతోందో, ఎవరి సంపాదనతో ఇల్లు నడుస్తోందో చూడాలి.

ముందు కండోమ్ సంగతి. చాలా జంటల దృష్టిలో అది పిల్లలు వద్దనుకున్నప్పుడు వాడేది. కడుపు వచ్చాక ఇక దాని అవసరమేముంది? అప్పుడు కూడా ఆమె అడిగితే అది అనుమానంగా వినిపిస్తుంది: ‘నా మీద నమ్మకం లేదా?’ లేకపోతే ‘నువ్వేమైనా దాస్తున్నావా?’ తిండికీ గూటికీ అతని మీదే ఆధారపడిన మనిషి, అందులోనూ ఏడో నెలలో, ఆ గొడవకు సిద్ధపడదు. ప్రమాదం ఉందని తెలిసినంత మాత్రాన అడిగే వీలు వచ్చేయదు. కరపత్రాలు పంచి ఊరుకునే కార్యక్రమాలు చతికిలపడేది ఇక్కడే.

ఈ అధికార తేడాను కొలిచి చూసినవాళ్ళున్నారు. దక్షిణాఫ్రికాలోని సొవెటోలో గర్భిణుల చెకప్ కేంద్రాలకు వచ్చిన 1,366 మందిని ప్రశ్నించి, రక్తపరీక్షలు చేసి 2004లో ఫలితాలు ప్రచురించారు. భాగస్వామి చేతిలో హింసకు గురైనవాళ్ళలోనూ, అతని అదుపాజ్ఞల్లో బతుకుతున్నవాళ్ళలోనూ హెచ్‌ఐవీ ఉండే అవకాశం ఇతరులకంటే సుమారు ఒకటిన్నర రెట్లు. ఆమె సొంత ప్రవర్తనకు సంబంధించిన తేడాలను సరిచేశాక మిగిలిన లెక్క ఇది. ఇలాంటి సర్వేలో ఒక చిక్కుంది: హింస ముందా, వైరస్ ముందా? జబ్బు బయటపడ్డాకే కొట్టడం మొదలైందేమో? అదే దేశంలోని ఈస్టర్న్ కేప్‌లో హెచ్‌ఐవీ లేని యువతులనే ఎంచుకుని రెండేళ్ళు గమనించి 2010లో ప్రకటించిన ఫలితాలు ఆ సందేహానికి జవాబిచ్చాయి. హింస, సంబంధంలో మాట చెల్లకపోవడం ముందు ఉన్నాయి, కొత్త ఇన్ఫెక్షన్లు తర్వాత వచ్చాయి. బలవంతపు కలయికలో గాయాలవడం ఒక దారి. అంతకంటే పెద్ద దారి మరొకటుంది: భార్యను కొట్టే పురుషుల్లో వేరే సంబంధాలు, తాగుడు, హెచ్‌ఐవీ కూడా ఎక్కువే.

వయసు తేడా ఇంకో ముడి. దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నాటాల్‌లో వైరస్‌ల జన్యుక్రమాలను పోల్చి ఎవరినుంచి ఎవరికి పాకిందో ఆరా తీస్తే, పాతికేళ్ళ లోపు అమ్మాయిలకు అంటించినవాళ్ళు సగటున 8.7 ఏళ్ళు పెద్దవాళ్ళని 2017లో తేలింది. చదువు ఈ ముడిని కొంత విప్పుతుంది. 1996లో బోట్స్‌వానా పాఠశాల తరగతుల అమరిక మార్చడంతో కొన్ని వయసులవాళ్ళు అనుకోకుండా సగటున దాదాపు ఒక ఏడాది ఎక్కువ చదివారు. వాళ్ళను ముందు బ్యాచ్‌లతో పోలిస్తే, అదనంగా చదివిన ఒక్కో హైస్కూలు ఏడాదికి హెచ్‌ఐవీ ప్రమాదం సుమారు 8 శాతం పాయింట్లు తగ్గింది, ఆడవాళ్ళలో ఇంకా ఎక్కువ.

పేదరికం మాత్రం ఇంత సూటిగా లొంగదు. మలావీలోని జోంబాలో అమ్మాయిలకు నెలనెలా నగదు ఇస్తే ఏడాదిన్నర తర్వాత హెచ్‌ఐవీ 1.2 శాతం, ఇవ్వనివాళ్ళలో 3 శాతం. దక్షిణాఫ్రికాలో బడికి రావాలన్న షరతుతో డబ్బిచ్చిన మరో ప్రయోగంలో తేడా ఏమీ కనిపించలేదు. అక్కడ డబ్బు అందనివాళ్ళు కూడా దాదాపు అందరూ అప్పటికే బడికి వెళ్తున్నారు, ఇక ఆ షరతు మార్చేదేముంది? ‘పేదలకే వస్తుంది’ అని తేల్చేసేవాళ్ళు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

గర్భంలోనో పాలిచ్చేటప్పుడో కొత్తగా సోకితే బిడ్డకు ముప్పు ఎక్కువ, ఎందుకంటే తొలి వారాల్లో రక్తంలో వైరస్ విపరీతంగా ఉంటుంది. చికిత్స లేకపోతే తల్లినుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. మందులు సమయానికి మొదలుపెడితే పాలిచ్చే తల్లుల్లో కూడా 5 శాతం లోపే. కానీ మందులు మొదలుపెట్టాలంటే ముందు సంగతి తెలియాలి కదా. మొదటి పరీక్ష విండో పీరియడ్‌లో పడితే, అంటే సోకి కొన్ని వారాలే అయితే, ఈ పరీక్ష పట్టుకునే యాంటీబాడీలు (వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒళ్ళు తయారుచేసుకునేవి) ఇంకా తయారుకాక నెగటివ్ రావచ్చు. అందుకే వ్యాధి ఎక్కువగా ఉన్నచోట, ప్రమాదం ఎక్కువ అనిపించినచోట, ఏడో నెల దాటాక మళ్ళీ పరీక్ష చేయాలి. పాలిచ్చే కాలంలో మరోసారి చేస్తే మరీ మంచిది.

ప్రమాదం ఎవరికి ఎక్కువో తెలుసుకోవడానికి అడిగే తీరు ముఖ్యం. ‘మీ వారికి వేరే సంబంధాలున్నాయా?’ అంటే ఎవరైనా లేవనే చెబుతారు, పక్కన అత్తగారు కూర్చుని ఉంటే మరీను. బరువు, బీపీ చూసే గదిలోకి ప్రతి గర్భిణినీ ఒంటరిగానే పిలవాలి, అందరికీ అదే పద్ధతయితే ఎవరికీ అనుమానం రాదు. అక్కడ అడగాల్సినవి వేరు: ఆయన ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నారా? ఆ రిపోర్టు మీరు చూశారా, ఆయన చెబితే విన్నారా? పని మీద నెలల తరబడి బయట ఉంటారా? ఇంట్లో మీకు భయం వేసే సందర్భాలున్నాయా?

ఆయన రిపోర్టు తెలియదంటే, ప్రమాదం ఉన్నట్టే లెక్కపెట్టి ప్రెప్ (హెచ్‌ఐవీ సోకకుండా ముందుగానే వాడే మందు) గురించి చెప్పాలి. టెనోఫోవిర్ ఉన్న రోజువారీ మాత్ర గర్భంలో వాడవచ్చు. గర్భిణుల రక్తంలో ఆ మందు మోతాదు మామూలుకంటే తక్కువగా నిలుస్తుంది కాబట్టి రోజులు తప్పకూడదు. ఇబ్బందల్లా ఆ సీసాతోనే: ఇంట్లో ఎవరి కంటైనా పడితే ‘హెచ్‌ఐవీ మందులు’ అని గోల. ఆరు నెలలకోసారి వేసే లెనకాపవిర్ ఇంజెక్షన్‌కు ఆ బెడద లేదు. 2024లో ఫలితాలు వెల్లడైన ప్రయోగంలో దాన్ని తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు. మధ్యలో గర్భం వచ్చినవాళ్ళు కూడా ప్రయోగంలో కొనసాగారు. బలాత్కారం జరిగినా, కండోమ్ చిరిగినా 72 గంటల లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడే మందుల కోర్సు వేరే ఉంది.

ఆయన్ని ఆసుపత్రికి రప్పించడం కష్టం. ఇంటిల్లిపాదిలో ముందుగా పరీక్ష జరిగేది ఆమెకే కాబట్టి, పాజిటివ్ వస్తే ‘తెచ్చింది నువ్వే’ అన్న నింద కూడా ఆమె మీదే పడుతుంది. కెన్యాలోని కిసుములో గర్భిణుల, బాలింతల చేతికే సెల్ఫ్ టెస్ట్ కిట్లిచ్చి పంపితే మూడు నెలల్లో 90.8 శాతం మంది భాగస్వాములు పరీక్ష చేసుకున్నారు. పిలుపు చీటీ మాత్రమే ఇచ్చినచోట 51.7 శాతం. ఇంట్లో కొట్టే మనిషి ఉంటే కిట్ ఇచ్చి పంపడం ఆమెను ప్రమాదంలోకి నెట్టడమే, కాబట్టి భయం గురించిన ప్రశ్న ముందు, కిట్ తర్వాత. రెండు గీతలొస్తే అది తుది మాట కాదు, కేంద్రంలో మళ్ళీ నిర్ధారించుకోవాలి. ఒక్క గీతే వచ్చినా ఆయన ఇప్పటికే గుట్టుగా ఏఆర్‌టీ మందులు (హెచ్‌ఐవీని అదుపులో ఉంచేవి) వాడుతున్నారేమో కనుక్కోవాలి. మందులు వాడేవాళ్ళకు సెల్ఫ్ టెస్ట్ తప్పుగా నెగటివ్ చూపించవచ్చు.