ప్రాంప్ట్ కన్నా ముందు వచ్చే ప్రశ్న: ఓ మై జెడ్‌ఎస్‌హెచ్ అప్‌డేట్ తనిఖీల నేపథ్యం

టెర్మినల్ తెరిచీ తెరవగానే, ఆదేశం టైప్ చేయమని చూపే ప్రాంప్ట్ ఇంకా కనపడకముందే, అప్‌డేట్ చేయమంటారా అని ఓ మై జెడ్‌ఎస్‌హెచ్ (జెడ్‌ఎస్‌హెచ్ షెల్ కోసం సిద్ధంగా అమర్చిన సెట్టింగులు, ప్లగిన్లు, థీమ్‌ల సంపుటి) అడగడం దాన్ని వాడేవారికి అలవాటైన విషయమే. ఒక్క అక్షరంతో తేలిపోయే ఈ తంతును మనిషి ప్రమేయం లేకుండా జరిపించాలని చాలామంది కోరుకుంటారు. అది అనుకున్నంత తేలిక ఎందుకు కాలేదో తెలియాలంటే ఆ తనిఖీ పుట్టుకను చూడాలి.

టెర్మినల్‌లో మనం టైప్ చేసే ఆదేశాలను నడిపించే జెడ్‌ఎస్‌హెచ్ అనే షెల్‌ను 1990లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న పాల్ ఫాల్‌స్టాడ్ రాశారు. దానిలో సదుపాయాలు ఎన్నో ఉన్నా, వాటిని అమర్చుకోవడానికి పెద్ద సెట్టింగుల ఫైలు రాసుకోవలసి వచ్చేది. ప్లానెట్ ఆర్గాన్ సంస్థకు చెందిన రాబీ రస్సెల్ తన సెట్టింగులను సహోద్యోగులు కూడా వాడుకునేలా సర్ది 2009లో గిట్‌హబ్‌లో పెట్టగా, అదే ఓ మై జెడ్‌ఎస్‌హెచ్ అయింది. చిక్కుకు మూలం కూడా ఇక్కడే ఉంది. దాన్ని ఇన్‌స్టాల్ చేయడమంటే గిట్ రిపాజిటరీని (మార్పుల చరిత్రతో సహా కోడ్ ఉండే భాండారాన్ని) హోమ్ డైరెక్టరీలోకి దించుకోవడమే కాబట్టి, ప్రోగ్రాములను ఇన్‌స్టాల్ చేసి అప్‌డేట్ చేసే ఏప్ట్, హోంబ్రూ వంటి ప్యాకేజీ మేనేజర్లకు దాని ఉనికే తెలియదు. వాటితో కంప్యూటరంతా అప్‌డేట్ చేసినా ఇది మాత్రం పాతగానే ఉండిపోతుంది.

అందుకని తనిఖీని షెల్ మొదలయ్యే క్రమంలోనే చేర్చారు. చివరిసారి అప్‌డేట్ అయిన రోజును, 1970 జనవరి 1 నుంచి లెక్కించిన రోజుల సంఖ్యగా, ఒక చిన్న ఫైలులో రాసి ఉంచుతారు. కొత్త టెర్మినల్ తెరిచినప్పుడు ఆ సంఖ్యను నేటి సంఖ్యతో పోల్చి, నిర్ణీత గడువు దాటితే అడుగుతారు. మనం మార్చకపోతే ఆ గడువు 13 రోజులు. యూనిక్స్‌లో 1979 నాటి ఏడవ వెర్షన్ నుంచీ, నిర్ణీత వేళకు పనులను దానంతటదే నడిపే క్రాన్ ఉండగా ఈ పద్ధతి ఎందుకన్న సందేహం సహజమే. అయితే వేళకు ల్యాప్‌టాప్ ఆపి ఉంటే మామూలు క్రాన్ ఆ పనిని వదిలేస్తుంది. షెల్ మాత్రం మనిషి కూర్చున్నప్పుడే మొదలవుతుంది, పైగా ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్‌లోనూ ఒకేలా పనిచేస్తుంది. నా దృష్టిలో అది సరైన ఎంపికే, కాకపోతే పని తొందరలో ఉన్నవాడిని ఆపి అడగడం దానితోపాటే వచ్చింది.

తర్వాతి మార్పులు చాలావరకు ఆ ఇబ్బందిని తగ్గించడానికి వచ్చినవే. ఒకేసారి పలు టెర్మినళ్లు తెరిస్తే అన్నీ అప్‌డేట్‌కు దిగకుండా ఒక డైరెక్టరీని తాళంగా వాడారు. ప్రశ్న అడిగే ముందు గిట్‌హబ్‌లో నిజంగా కొత్త మార్పులు ఉన్నాయో లేదో చూడడం మొదలైంది. మనం అప్పటికే ఏదో టైప్ చేస్తూ ఉంటే అడగడం మానేసి గుర్తుచేసి ఊరుకునే ఏర్పాటు కూడా చేరింది. లేకపోతే రాయబోయిన ఆదేశంలోని మొదటి అక్షరమే జవాబైపోయే ప్రమాదం ఉండేది. అడగకుండా అప్‌డేట్ చేయడం, గుర్తుచేయడం, పూర్తిగా మానేయడం అనే పద్ధతుల్లో దేన్నైనా ఇప్పుడు ఒక్క వరుసతో ఎంచుకోవచ్చు.

2019లో మ్యాక్ ఓఎస్ కాటలీనా జెడ్‌ఎస్‌హెచ్‌ను డిఫాల్ట్ షెల్‌గా చేసింది. 2021లో ఓ మై జెడ్‌ఎస్‌హెచ్‌లోని కొన్ని ప్లగిన్లలో, థీమ్‌లలో, టెర్మినల్ శీర్షికను మార్చే ఫంక్షన్‌లో భద్రతా లోపాలు బయటపడి సవరణలు వచ్చాయి. వాడేవారి అనుమతులన్నిటితోనూ నడిచే కోడ్ ఇది కాబట్టి, నెలల తరబడి అప్‌డేట్‌ను వాయిదా వేయడం అలంకారానికి మాత్రమే సంబంధించిన విషయం కాదని అప్పుడు తేలింది.

దీనికి మరో పక్క కూడా ఉంది. ఈ ప్రాజెక్టు వెర్షన్ సంఖ్యలతో విడుదలలు చేయదు. కోడ్ ప్రధాన శాఖ అయిన మాస్టర్ బ్రాంచిలో చేరినదే నేరుగా మన దగ్గరికి వస్తుంది. 2024 మార్చిలో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ లైబ్రరీలో దొంగదారి బయటపడినప్పుడు, అది చేరిన వాటిలో డెబియన్ లినక్స్ అస్థిర శాఖ వంటి, కొత్త ప్యాకేజీలను ముందుగా అందుకునే శాఖలే ప్రధానంగా ఉన్నాయి. ఆఫీసు సర్వర్లలో అడగకుండా అప్‌డేట్ చేసే పద్ధతిని పెట్టకపోవడమే మంచిదని నేను అనుకోవడానికి కారణం అదే.

ఈ తనిఖీ పరిధి గురించి కూడా అపోహ ఉంది. కస్టమ్ డైరెక్టరీలో మనం విడిగా దించుకున్న జెడ్‌ఎస్‌హెచ్ ఆటోసజెషన్స్, పవర్‌లెవెల్10కె వంటి ప్లగిన్లను, థీమ్‌లను అది ముట్టుకోదు. అవి వేర్వేరు గిట్ రిపాజిటరీలు. వాటిని కూడా కలిపి క్రాన్‌కు లేదా లినక్స్‌లో అలాంటి పనే చేసే సిస్టమ్‌డీ టైమర్‌కు అప్పగించాలనుకునేవారు, 'ఓఎంజెడ్ అప్‌డేట్' అనేది ఇంటరాక్టివ్ షెల్‌లో మాత్రమే ఉండే ఫంక్షన్ కాబట్టి, దాని బదులు టూల్స్ డైరెక్టరీలోని అప్‌గ్రేడ్ స్క్రిప్టును నేరుగా పిలవాలి. ఆ తర్వాత కస్టమ్‌లోని ప్రతి రిపాజిటరీలోనూ, కొత్త మార్పులను దించే గిట్ పుల్ ఆదేశాన్ని నడపాలి.