సోలార్ తయారీకి సర్కారు సొమ్ము: షరతుల వెనక చరిత్ర

సోలార్ ప్యానెళ్ల ఫ్యాక్టరీ పెడతాం, కేంద్రం సాయం చేయాలి అంటూ పీఎల్ఐ (ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకం) కింద దరఖాస్తు పెట్టిన కంపెనీ ముందుగా ఒప్పుకోవాల్సింది, డబ్బు ఇప్పుడు రాదని. ఫ్యాక్టరీ కట్టాలి, మాడ్యూల్ (ప్యానెల్‌కే ఇంకో పేరు) తయారు చేయాలి, అమ్మాలి. ఆ అమ్మకాల మీద ఐదేళ్ల పాటు ప్రోత్సాహకం ఇస్తారు. అదీ అందరికీ ఒకే రేటు కాదు. మాడ్యూల్ ఎంత సమర్థంగా పనిచేస్తుంది, వేడెక్కితే దాని శక్తి ఎంత పడిపోతుంది, అందులో స్వదేశీ విలువ ఎంత అని చూసి లెక్కగడతారు. తయారీ పాలీసిలికాన్ అనే ముడిసరుకు నుంచి మొదలవుతుందా, ప్యానెల్‌లో కరెంటు పుట్టించే సెల్ నుంచా అన్నది ఇంకో ప్రశ్న. ఇన్ని మెలికలేమిటని విసుక్కునేవాళ్లు చాలామందే ఉన్నారు. అయితే వీటిలో చాలావాటి వెనక ఏదో ఒక పాత దెబ్బ ఉంది.

సోలార్ సెల్ మనకు కొత్తేమీ కాదు. సాహిబాబాద్‌లోని ప్రభుత్వ సంస్థ సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ 1977లోనే సెల్, 1978లో ప్యానెల్ తయారు చేసింది. ఆ తర్వాత మూడు దశాబ్దాల పాటు అది వీధి దీపాల, లాంతర్ల స్థాయి దాటలేదు.

పెద్ద సొమ్ము మాట మొదట వినిపించింది 2007లో, అదీ సోలార్ కోసం కాదు. సెమీకండక్టర్ చిప్ ఫ్యాక్టరీలను రప్పించాలని కేంద్రం ఒక ప్రత్యేక ప్రోత్సాహక పథకం తెచ్చింది. సెజ్ లోపలైతే పెట్టుబడిలో 20 శాతం, బయటైతే 25 శాతం భరిస్తామంది. చిప్ ఫ్యాక్టరీకి కనీస పెట్టుబడి 2,500 కోట్లు, అనుబంధ పరిశ్రమలకు 1,000 కోట్లు. ఆ అనుబంధాల్లో సోలార్ సెల్ కూడా ఉంది. చిప్ కంపెనీలు రాలేదు, సోలార్ కంపెనీలు క్యూ కట్టాయి. హైదరాబాద్ శివార్లలో రావిర్యాల దగ్గరి ఫ్యాబ్ సిటీలోనూ ఇదే జరిగింది. చిప్‌ల కోసం కేటాయించిన చోట సోలార్ యూనిట్లు వెలిశాయి.

ఆ ఉత్సాహం ఎంతో కాలం నిలవలేదు. 2008లో కిలో 400 డాలర్లు దాటిన పాలీసిలికాన్ ధర, చైనా ఫ్యాక్టరీలు విస్తరించడంతో 2012 నాటికి 30 డాలర్ల లోపుకి జారింది. ఖరీదైన రోజుల్లో యంత్రాలు కొన్న మన సెల్ తయారీదారులు మునిగిపోయారు. మోసర్ బేర్ సోలార్, ఇండోసోలార్ చివరికి దివాలా ప్రక్రియకు వెళ్లాయి. షెడ్డు కట్టినందుకు, యంత్రం దింపినందుకు సబ్సిడీ ఇస్తే షెడ్డూ యంత్రమూ మిగులుతాయి. సరుకు అమ్ముడుపోతుందని హామీ ఏదీ ఉండదు. అమ్మాకే డబ్బు అన్న నేటి షరతును ఈ అనుభవంతో పోల్చి చూడాలి. 2012లో వచ్చిన ఎం-సిప్స్ పథకం కూడా పెట్టుబడి సబ్సిడీ దారిలోనే నడిచి, 2018 చివరికి కొత్త దరఖాస్తులు తీసుకోవడం ఆపేసింది.

ఈలోగా ప్రభుత్వం ఇంకో దారి కూడా తొక్కింది. సొమ్ము బదులు మార్కెట్ ఇద్దామనుకుంది. 2010 జనవరిలో మొదలైన జాతీయ సోలార్ మిషన్, ప్రాజెక్టుల్లో దేశీయ ప్యానెళ్లే వాడాలని నిబంధన పెట్టింది. మొదటి విడతలో ఆ నిబంధన సిలికాన్ మాడ్యూళ్లకే పరిమితం. సిలికాన్ లేకుండా పలుచటి పొరతో చేసే థిన్ ఫిల్మ్ రకానికి మినహాయింపు ఇచ్చారు. డెవలపర్లు ఆ సందులోంచే దూరారు. అమెరికా ఎగ్జిమ్ బ్యాంకు చౌక అప్పులతో ఆ దేశపు ఫస్ట్ సోలార్ కంపెనీ థిన్ ఫిల్మ్ ప్యానెళ్లు తెచ్చుకున్నారు. మినహాయింపుతో ఇంత లాభపడినా అమెరికా ఊరుకోలేదు. 2013లో ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేసింది. 2016 ఫిబ్రవరిలో ఆ సంస్థ విచారణ బృందం, సెప్టెంబర్‌లో అప్పీల్ సంస్థ, రెండూ మనకు వ్యతిరేకంగానే తేల్చాయి. స్వదేశీ సరుకే కొనాలన్న నిబంధన అప్పటి నుంచి ప్రభుత్వ రంగ సంస్థల ప్రాజెక్టులు, రైతుల సోలార్ పంపుల పథకం కుసుమ్, ఇంటి పైకప్పు సబ్సిడీ లాంటి చోట్లకే పరిమితమైంది.

ఇక మిగిలింది సుంకం. 2018 జులైలో దిగుమతి సెల్స్, మాడ్యూళ్ల మీద 25 శాతం రక్షణ సుంకం వేశారు. తమాషా ఏమిటంటే, అప్పటికి మన తయారీదారుల్లో చాలామంది సెజ్‌లలో ఉన్నారు. సెజ్ నుంచి దేశంలోకి వచ్చే సరుకు దిగుమతితో సమానం కాబట్టి, ఎవరిని కాపాడాలనుకున్నారో వాళ్లమీదే ఆ సుంకం పడింది. ప్యానెళ్ల ఫ్యాక్టరీ పెడితేనే సోలార్ ప్లాంట్ కాంట్రాక్టు అంటూ రెంటినీ ముడిపెట్టిన టెండర్ కూడా పలుమార్లు వాయిదాపడి, 2020 జనవరికి గానీ కొలిక్కి రాలేదు.

పీఎల్ఐ వచ్చింది ఇన్ని ప్రయత్నాల తర్వాత. 2021 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 4,500 కోట్లతో మొదటి విడతను ఆమోదించింది. దరఖాస్తులు చూసే పని పునరుత్పాదక ఇంధనానికి అప్పులిచ్చే ప్రభుత్వ సంస్థ ఇరెడాకు అప్పగించారు. పోటీ ఊహకు మించింది. 18 కంపెనీలు దాదాపు 55 గిగావాట్ల (గిగావాట్ అంటే 1,000 మెగావాట్లు) తయారీ సామర్థ్యానికి అడిగితే, రిలయన్స్, అదానీ, కడపకు చెందిన షిర్డీ సాయి ఎలక్ట్రికల్స్ కలిపి 8,737 మెగావాట్లు దక్కించుకున్నాయి. డబ్బు చాలదని తేలడంతో 2022 సెప్టెంబర్‌లో 19,500 కోట్లతో రెండో విడత వచ్చింది. ఈసారి బాధ్యత సోలార్ టెండర్లు నడిపే ప్రభుత్వ సంస్థ సెకిది. ఎక్కడి నుంచి తయారీ మొదలుపెడతారన్న దాన్నిబట్టి దరఖాస్తులను మూడు బుట్టలుగా విడదీశారు: పాలీసిలికాన్ నుంచి, దాని పలుచటి పలకలైన వేఫర్ నుంచి, సెల్ నుంచి. 2023 మార్చిలో 11 కంపెనీలకు 39,600 మెగావాట్లు కేటాయించారు.

సరిహద్దు గోడ కూడా దీనితో పాటే లేచింది. 2022 ఏప్రిల్‌లో మాడ్యూళ్లపై 40 శాతం, సెల్స్‌పై 25 శాతం కస్టమ్స్ సుంకం వేశారు. ప్రభుత్వ ఆమోదిత తయారీదారుల జాబితా ఏఎల్ఎంఎం (చాలా ప్రాజెక్టుల్లో ఇందులోని మాడ్యూళ్లే వాడాలి) ఏడాది పాటు ఆగి, 2024 ఏప్రిల్ నుంచి మళ్లీ అమల్లోకి వచ్చింది. నా లెక్కలో పీఎల్ఐ సొమ్ము కన్నా ఈ గోడలే ఎక్కువ ఫ్యాక్టరీలను నిలబెట్టాయి. హైదరాబాద్ కంపెనీ ప్రీమియర్ ఎనర్జీస్ గెలిచినవాళ్ల జాబితాల్లో ఎక్కడా లేదు, అయినా దేశంలోని పెద్ద సెల్ తయారీదారుల్లో ఒకటైంది.

అమ్మాకే డబ్బు అన్న షరతుకు ఇంకో ముఖం ఉంది. ఫ్యాక్టరీ నడిచేదాకా అప్పు మోయగల స్తోమత ఎవరికుంది? మొదటి విడతలో గిగావాట్‌కి తగ్గితే అడుగుపెట్టే వీల్లేదు కాబట్టి చిన్న మాడ్యూల్ తయారీదారులు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. గెలిచినవాళ్లకూ టెన్షన్ తప్పలేదు. యంత్రాలు చైనావి, వాటిని బిగించే నిపుణులూ అక్కడివాళ్లే, సరిహద్దు ఉద్రిక్తతల తర్వాత వాళ్లకు వీసాలు దొరకడమే కష్టమైంది.

భూమి సంగతి మరీ వేరు. షిర్డీ సాయి అనుబంధ సంస్థ ఇండోసోల్ కోసం నెల్లూరు జిల్లా కరేడు పరిసరాల్లో 8 వేల ఎకరాలకు పైగా సేకరించాలని ప్రయత్నిస్తే, 2025లో రైతులు ఎదురుతిరిగారు. (పైన చెప్పిన ఇండోసోలార్ వేరు, ఈ ఇండోసోల్ వేరు.) మొదటి విడత టెండర్‌లో మార్కులు ఎన్ని దశలు, ఎంత సామర్థ్యం అన్నదానికే వేశారు. ఎవరి భూమిలో అన్నదానికి మార్కుల్లేవు.

2025 ఆగస్టుకి ఏఎల్ఎంఎంలో మాడ్యూళ్ల సామర్థ్యం 100 గిగావాట్లకు చేరింది. అంతకు ముందు నెల విడుదలైన సెల్స్ తొలి జాబితాలో ఉన్నది 13 గిగావాట్లే. 2026 జూన్ నుంచి సెల్స్ కూడా జాబితాలోవే వాడాలన్న గడువు పెట్టింది ఈ తేడా పూడ్చడానికే. సెల్‌కి ముందు దశలైన వేఫర్, పాలీసిలికాన్‌లలో మన ఉనికి ఇంకా నామమాత్రమే. రెండో విడతలో పెద్ద మొత్తం కేటాయించింది ఆ పాలీసిలికాన్ బుట్టకే. అందులో గెలిచినవి మూడు కంపెనీలు: ఇండోసోల్, రిలయన్స్, ఫస్ట్ సోలార్. ఒకప్పుడు మన నిబంధన సందులోంచి వచ్చిన ఆ మూడో కంపెనీ తమిళనాడులో ఫ్యాక్టరీ కట్టి, 2024 జనవరిలో ప్రారంభించేసింది కూడా. అయితే అది చేసేది థిన్ ఫిల్మ్ ప్యానెళ్లు, వాటికి పాలీసిలికాన్ అవసరమే లేదు.